ఎవరో కట్టిన లుంగీ

"మామయ్యా, మీ హంతకుడు మాకు అస్సలు అర్థం కావట్లేదు" అంది ఇంద్రజ ఫోన్‌లో.

శుక్రవారం పొద్దున్న. మాడిన ఉప్మా గిన్నెలో నీళ్ళు పోసి నానబెడుతున్న కృష్ణమూర్తికి ఆ మాట వినగానే ఒళ్ళు పులకరించింది. అర్థం కాకపోవడమే లోతుకు గుర్తని ముప్ఫై ఏళ్ళుగా నమ్ముతున్న మనిషి.

"అర్థం కాకూడదమ్మా. ఇట్టే అర్థమైపోతే వాడు హంతకుడెలా అవుతాడు?" అన్నాడు గొంతు కాస్త బరువు చేసుకుని.

"అది కాదు మామయ్యా. ప్రాబ్లమ్ సీరియస్."

ప్రాబ్లమ్ చెప్పే ముందు నవల సంగతి చెప్పాలి. ఎవరూ అడక్కపోయినా దాని సంగతి చెప్పడం కృష్ణమూర్తికి అలవాటు. అతని కథలోనూ ఆ పద్ధతి పాటించడమే న్యాయం.

అతను సౌదీ అరేబియాలోని రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో ముందే గీతలు గీసి చూపించడం ఉద్యోగం. ఏ పనీ ఆ రోజున ముగియదు, అది వేరే సంగతి. ఐదేళ్ళ కిందట, 2013లో, 'కాలువ కట్టేసిన రోజు' అని ఒక అపరాధ పరిశోధన నవల రాశాడు. గోదావరి జిల్లాలో ఓ చిన్న ఊరు. ఎండాకాలం మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తారు. నీళ్ళు తీసిన మర్నాడు లాకుల దగ్గర బురదలో రైసుమిల్లు యజమాని శవం కనబడుతుంది. కాలు జారి పడ్డాడని ఊరంతా అనుకుంటుంది. లాకు తలుపులు ఎత్తి దించే ముసలి లస్కరు మాత్రం శవం నడుం వంక చూసి, "ఈ లుంగీ ఈయన కట్టుకున్నది కాదు" అంటాడు. మనిషి తనకు తాను కట్టుకుంటే లుంగీ కొస ఒక పక్కకి వస్తుంది. ఎదురుగా ఉండి ఇంకొకడు కడితే రెండో పక్కకి వస్తుంది. అంటే చచ్చాక ఎవరో కట్టారు. ఆ మడత పట్టుకుని లస్కరు మిల్లు గుమాస్తా దాకా వెళతాడు. గుమాస్తాయే హంతకుడు.

నవల ఒక వారపత్రికలో ముప్ఫై రెండు వారాలు వచ్చింది. ముగింపు అచ్చయిన మూడు నెలలకి పత్రిక మూతపడింది. రెంటికీ ఏ సంబంధమూ లేదని కృష్ణమూర్తి ఇప్పటికీ చెబుతుంటాడు.

ఇంద్రజ అతని భార్య కామేశ్వరికి మేనకోడలు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీవీ డ్రామాలు తీసే ఒక కంపెనీలో పని చేస్తుంది. ఓ రోజు భోజనాల దగ్గర ఈ కథ చెబితే అక్కడి పెద్ద రచయిత్రి హెలెన్ తినడం మానేసి ఫోర్కు కింద పెట్టిందట. ఆ ఫోర్కు కింద పెట్టిన చప్పుడు అప్పట్నించీ కృష్ణమూర్తి చెవుల్లో మోగుతూనే ఉంది.

దాన్ని టీవీకి తీద్దామనుకున్నాక మార్పులు మొదలయ్యాయి. గోదావరి కాలువ ద్రాక్షతోటలకి నీళ్ళిచ్చే కాలువైంది. రైసుమిల్లు వైను ఫ్యాక్టరీ అయింది. ముసలి లస్కరు విడాకులు తీసుకున్న పోలీసు ఆఫీసరమ్మ అయ్యాడు. ఆమెకి తోడు ఒక కుక్కని ఇచ్చారు. లుంగీ మడత బూటు లేసు ముడి అయింది. ఎదురుగా కూర్చుని కట్టిన లేసు కూడా తిరగబడే ఉంటుందట. ఇక, కృష్ణమూర్తి ప్రాణం పెట్టి రాసిన గుమాస్తా అంతరంగం, పదకొండు పేజీలు, వాడికి చిన్నప్పుడు వాళ్ళమ్మ గాజుల చప్పుడు గుర్తుకు రావడంతో సహా, కుక్క ఒకసారి మొరగడంగా మారింది.

అయినా అతను ఏమీ అనలేదు. కళాకారుడు త్యాగానికి సిద్ధంగా ఉండాలనుకున్నాడు. నిజానికి టీవీలో పేరు పడుతుందంటే కుక్కనే నవలకి హీరోని చేసినా ఒప్పుకునేవాడు.

"హెలెన్ ఏమంటోందంటే" అంది ఇంద్రజ, "కాలువలో దొరికిన శవానికి బూట్లు లేకపోతే ఎవరికీ డౌట్ రాదు కదా, నీళ్ళు లాక్కెళ్ళాయనుకుంటారు. మీ లుంగీ కూడా అంతే. మరి చంపినవాడు పారిపోకుండా, పనిగట్టుకుని కూర్చుని ఎందుకు కట్టాడు? పట్టుబడ్డానికా?"

"రాశానుగా! పాపభీతి, చిన్నతనం, తల్లి—"

"అదీ ట్రాన్స్‌లేట్ చేసిచ్చాను, చదివింది మామయ్యా."

"చదివి?"

"ఏమీ అనుకోకండి. రైటర్‌కి తెలియనప్పుడే పదకొండు పేజీలు అవుతాయంది."

కృష్ణమూర్తి గిన్నెలో ఇంకొంచెం నీళ్ళు పోశాడు.

"సోమవారం రైటర్స్ మీటింగ్. ఆ లోపల మీరు ఆన్సర్ ఇవ్వాలి. లేకపోతే వాళ్ళ దగ్గర ఇంకో నవల రెడీగా ఉంది. ఆన్సర్‌తో పాటు నేను మెయిల్ చేసిన ఫారం కూడా పంపండి మామయ్యా, ముఖ్యమైన ఐడియాలన్నీ మీ సొంతమేనని సంతకం పెట్టి."

ఫోన్ పెట్టేశాక కామేశ్వరికి చేశాడు. నిరుడు, విదేశీయుల ఇళ్ళలో ఉన్న మనిషికింత అని లెవీ వేసి దాన్ని ఏటేటా పెంచుతామన్నాక, "నా తలకాయకి అంత విలువ లేదులెండి" అని నవ్వి ఆవిడ కాకినాడ వెళ్ళిపోయింది. అప్పట్నించీ రాస్ తనూరా పక్కనే రహీమాలోని మూడు గదుల ఫ్లాటులో అతనూ, రెండు అలమరల నిండా మనస్తత్వశాస్త్రం పుస్తకాలూ మిగిలారు. వాటిలో ఏ పుస్తకమూ ఉప్మా మాడకుండా చేయడం గురించి చెప్పలేదు.

సంగతంతా విని కామేశ్వరి, "నాకు మొదట్నించీ ఒకటే అనుమానమండీ" అంది.

"హంతకుడి గురించా?"

"మీ గురించి. మన పెళ్ళయ్యాక మీరు లుంగీ కట్టగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఆ మడత సంగతి మీకెలా తెలిసింది?"

"పరిశీలన" అన్నాడు కృష్ణమూర్తి.

"ఆహా. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో పదేళ్ళు తెలియని పరిశీలన."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ ప్రశ్న గదిలోనే తిరిగింది. ఎలా తెలిసిందో అతనికి బాగా తెలుసు. మరిచిపోవాలనుకున్నదాన్ని మనసు ఎంత శుభ్రంగా మరిచిపోతుందో చెప్పే పుస్తకాలు అలమరలో మూడు ఉన్నాయి. అన్నిట్లోనూ పెన్సిల్‌తో గీతలు గీసి ఉన్నాయి. గీసింది అతనే.

నవల రాస్తున్న ఏడాది పద్దెనిమిదో అధ్యాయం దగ్గర కథ ఆగిపోయింది. పడింది ప్రమాదవశాత్తూ కాదని లస్కరుకి ఎలా తెలియాలో తోచలేదు. ఏసీ బాగు చేయడానికి వచ్చిన దేవన్నతో ఆ గోడు చెప్పుకున్నాడు. మెట్లనిచ్చెన మీద నిలబడి స్క్రూలు విప్పుతున్న దేవన్న వెనక్కి తిరక్కుండానే, "లుంగి మడత సూడుమనుండ్రి సారూ. ఒకలు కట్టుకున్నదానికి, ఇంకోలు కట్టినదానికి ఫరకుంటది" అన్నాడు. కృష్ణమూర్తి ఎగిరి గంతేశాడు. దేవన్న అటు వెళ్ళగానే దుప్పటి తీసుకుని వంటింట్లో ఇరవై లీటర్ల నీళ్ళ క్యానుకి కట్టి చూసుకున్నాడు. నిజమే, మడత తిరగబడింది. ఆ వారమే అధ్యాయం పంపేశాడు.

తర్వాత నవలని పుస్తకంగా వేసుకున్నప్పుడు ముందుమాటలో సంపాదకుడికీ, భార్యకీ, రాస్ తనూరా సముద్రానికీ కృతజ్ఞతలు చెప్పాడు. దేవన్నకి చెప్పలేదు. సముద్రం కూడా ఏ సలహా ఇవ్వలేదు గానీ చెబితే బాగుంటుందనిపించింది.

దేవన్న అదే ఊళ్ళో లేబర్ క్యాంపులో ఉంటాడు. జగిత్యాల దగ్గర మనిషి, ఇరవై రెండేళ్ళ నుంచి సౌదీలో ఉన్నాడు. అతని కంపెనీలో సౌదీలు సరిపోను లేరని, స్థానికులకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో దాన్ని ఎరుపులోకి నెట్టారు. ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్లు, కొత్తవి రావు. చాలామందికి ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. దేవన్న విమానం ఆదివారం అని కృష్ణమూర్తికి వారం కిందటే తెలుసు. వెళ్ళి కలవాలనుకుంటూ ఉన్నాడు, అంతే. ఇప్పుడు మాత్రం ఖర్జూరాల డబ్బా పట్టుకుని అరగంటలో బయల్దేరాడు. వీడ్కోలు చెప్పడానికే వెళుతున్నానని దారంతా తనకు తాను చెప్పుకున్నాడు. మూడో సిగ్నలు దగ్గర నమ్మాడు కూడా.

గదిలో ఆరు మంచాలుండేవి, మూడే మిగిలాయి. దేవన్న కింద కూర్చుని అట్టపెట్టెకి ప్లాస్టిక్ తాడు బిగిస్తున్నాడు. గుండెల దాకా వచ్చిన పెట్టె.

"అరే, సారు! కూసోండ్రి, కూసోండ్రి. మంచి యాల్లకు అచ్చిండ్రు. మీ రాత మంచిగుంటది. గీ డబ్బ మీద నా పేరు రాసియ్యుండ్రి."

మార్కరు చేతికిచ్చాడు. గల్ఫునుంచి ఇంటికి వెళ్ళే ప్రతి అట్టపెట్టె మీదా నాలుగు వైపులా బారెడు అక్షరాలతో పేరూ ఊరూ ఉండాలి. ఆస్ట్రేలియా దాకా పోవలసిన రచయిత మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక కొద్దిగా బయటపెట్టి, ఇంగ్లీషులో దేవన్న పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ రాశాడు. ఇంతవరకు తన రాత కోసం ఎవరూ ఇంత ఆత్రంగా ఎదురుచూడలేదని గుర్తొచ్చింది.

రెండో వైపు రాస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు. "దేవన్నా, అప్పుడోసారి లుంగీ మడత సంగతి చెప్పావు, గుర్తుందా? ఒకడు చచ్చినవాడికి లుంగీ కట్టాడనుకో. ఎందుకు కడతాడంటావు?"

దేవన్న తాడు బిగించడం ఆపాడు. "గిదడగనీకె అచ్చిండ్రా?"

"లేదు లేదు. నిన్ను చూసి పోదామనే. మాటవరసకి."

"నేను కట్టిన గద సారూ" అన్నాడు దేవన్న. "గందుకే నాకెరుక."

మార్కరు అట్ట మీద అలాగే ఉండిపోయి నల్లటి చుక్క పెద్దదవుతోంది.

"సదానందమని నా రూమోడు. గా మంచం వానిదే. గదే ఏడు ఎండకాలం, మిద్దె మీద ఏసీ పెట్టె కాడ పడిపోయిండు. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది. నేనే సరళకు ఫోన్ జేసిన. వాని పెండ్లాము. 'రూముల పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు చెల్లె' అని జెప్పిన. గంత ఎండల, మిద్దె మీద, ఒక్కడే పోయిండంటే ఎట్ల తట్టుకుంటది? ఇగ బాడీ పంపేటప్పుడు బట్టలు తెమ్మన్నరు. పండుకున్నోని ఒంటి మీద లుంగుండాలె గద. వానిదే గడుల లుంగి తీస్కపోయి కట్టిన."

"ఊఁ."

"ఊర్ల పెట్టె ఇప్పిండ్రు. అందరు ఏడుస్తున్నరట. గామె ఏడుస్తనే నాకు ఫోన్ జేసి ఒక్క మాట అడిగింది. 'దేవన్నా, గీ లుంగి ఆయన కట్టుకున్నది గాదు. మడత ఎడమకున్నది. ఎవలు కట్టిండ్రు?' అన్నది. ఇగ దాసి ఏం ఫాయిద? ఉన్నదున్నట్టు జెప్పిన."

ఆ నవలలో లస్కరు నూట నాలుగు ప్రశ్నలు వేస్తాడు. కృష్ణమూర్తి ఒకప్పుడు లెక్కపెట్టుకుని మురిసిపోయాడు. దాన్ని రాసినవాడు నిచ్చెన మీద ఉన్న మనిషిని, 'నీకెలా తెలుసు?' అని ఒక్క ప్రశ్న వేయలేదు.

"నాకు చెప్పాల్సింది దేవన్నా" అన్నాడు చివరికి. అన్న వెంటనే ఆ మాట ఎంత అన్యాయంగా ఉందో తనకే వినబడింది.

"మీరు అడగలే గద." దేవన్న నవ్వాడు. "మీ కథ నేను సదివిన సారూ. క్యాంపుల ఒగలు వారం వారం గా పత్రిక తెప్పిచ్చేటోళ్ళు. నా ముచ్చట అచ్చుల సూసి శాన సంబురపడ్డ. అందరికి సూపిచ్చిన. తర్వాత ఆకర్ల, గా కట్టినోడే ఖూనీ జేసిండని రాసిండ్రు. రొండొద్దులు నాకు బువ్వ వోలే."

కృష్ణమూర్తి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అట్టపెట్టె వైపు పెట్టుకున్నాడు.

"మరి... నాతో అనలేదేం?"

"మీరు సదువుకున్నోళ్ళు. ఏదో మతలబుంటది అనుకున్న."

మతలబు! రెండు అలమరల చదువు, పదకొండు పేజీల అంతరంగం, గాజుల చప్పుడు. వాటన్నిటి కింద ఉన్నదేమిటో ఇప్పుడు కనబడింది. చంపినవాడు శవం దగ్గర కూర్చుని లుంగీ కట్టడు. వాడికి చేతులు రావు, పారిపోతాడు. కట్టినవాడు వేరే. వాడు అప్పుడే వచ్చి చూశాడు. స్నేహితుడు అలా పడి ఉండటం ఓర్చుకోలేక కట్టాడు. హెలెన్ అడిగినదానికి జవాబు ఇదే, ఒక్క వాక్యం.

ఆ వాక్యం దొరికిన మరుక్షణం కృష్ణమూర్తి చేసిన మొదటి పని, సిగ్గుపడటం కాదు. లోలోపల ఎగిరి గంతేయడం. ఐదేళ్ళ కిందట వేసిన గంతే, అదే ఎత్తు. ఈసారి మాత్రం ఎగిరినవాణ్ణి అతను గుర్తుపట్టాడు.

పెట్టె మీద రాయడం ముగించి, టీవీ సంగతి అంతా దేవన్నకి చెప్పాడు. ఫారం సంగతి కూడా. దేవన్న చాలాసేపు విని, "గట్లయితె నన్నడిగితె ఏమొస్తది? గామెనడుగుండ్రి" అని సరళ నంబరు కలిపి ఫోన్ చేతికిచ్చాడు.

కృష్ణమూర్తి తడబడుతూ చెప్పాడు. టీవీ అన్నాడు, ఆస్ట్రేలియా అన్నాడు, బూటు లేసు అన్నాడు. అటువైపు ఎక్కడో కోళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి.

"బూట్లా?" అంది సరళ. "మా ఆయనకు బూట్లేసుడే రాకపోవు. కంపిని బూట్లు కరుస్తున్నయని రోజు ఫోన్ల మొత్తుకునేటోడు."

"అక్కడ లుంగీలు కట్టరమ్మా, అందుకని."

"మంచిది. గని గది కనిపెట్టేది ఎవలు?"

"ఒక పోలీసావిడ. కుక్క ఉంటుంది."

"పోలీసోళ్ళకు కుక్క ఎందుకు సారు? మొగడు లుంగి ఎట్ల కట్టుకుంటడో ఆలికి ఎరుకుండదా? పదారేండ్లు సూసిన. ఎవల కుక్క అక్కెర లేదు నాకు."

దేవన్న పక్కనుంచి నవ్వు ఆపుకుంటున్నాడు.

"మీ పేరు వేయించమంటారా అమ్మా?"

"నా పేరెందుకు? ఏస్తె ఏసుకోండ్రి, మీ ఇష్టం. ఒక్కటి మాత్రం ఇనుండ్రి. దేవన్న అప్పుడు మీ కథ ఆకరి జెప్పిండు నాకు. కట్టినోడే సంపిండని రాసిండ్రట గద."

"రాశానమ్మా."

"తప్పు. సంపినోడు కట్టడు. గది దిద్దుండ్రి. దిద్దుతనంటె నేను వేలిముద్ర గూడ ఏస్త."

"దిద్దుతాను" అన్నాడు కృష్ణమూర్తి. పత్రిక సంపాదకుడు ముప్ఫై రెండు వారాల్లో ఒక్క తప్పు కూడా దిద్దలేదు. ఇన్నాళ్ళకి ఒకరు దిద్దారు.

బయటికి వస్తుంటే దేవన్న ఆపి, పక్కనున్న చేతిసంచిలోంచి కొత్త గళ్ళ లుంగీ ఒకటి తీసి ఇచ్చాడు. "గీ తాపకు నీళ్ళ డబ్బకు కట్టకుండ్రి సారూ. మీరే కట్టుకొని సూడుండ్రి." క్యాను సంగతి దేవన్నకెలా తెలుసో అడగాలనుకుని మానేశాడు. దారిలో జవాబు తట్టింది. ఐదేళ్ళ కిందట స్క్రూడ్రైవరు మరిచిపోయానని వెనక్కి వచ్చింది అతనే కదా.

ఇంటికి వచ్చి ఇంద్రజకి చేశాడు. అక్కడ సాయంత్రం దాటింది.

"కట్టినవాడు చంపలేదమ్మా. కట్టినవాడు స్నేహితుడు. ఆ మడత చూసి కనిపెట్టింది చచ్చినవాడి భార్య."

"మామయ్యా" అంది ఇంద్రజ మెల్లగా, "నాకు గూస్‌బంప్స్ వస్తున్నాయి. ఇది ఎలా తట్టింది మీకు?"

ఇదిగో, ఇదీ ఆ క్షణం. నాలుక చివర 'పరిశీలన' అన్న మాట స్నానం చేసి, తల దువ్వుకుని, బయల్దేరడానికి సిద్ధంగా కూర్చుంది. కృష్ణమూర్తి దాన్ని కాసేపు చూశాడు. బల్ల మీద ఫారం ఉంది. పక్కన గళ్ళ లుంగీ ఉంది.

"నాకు తట్టలేదు. నాకేదీ తట్టలేదు, అప్పుడూ ఇప్పుడూ" అన్నాడు. మొత్తం చెప్పాడు. నిచ్చెన, మిద్దె, పెట్టె, రెండు రోజులు తినని అన్నం. క్యాను సంగతి కూడా చెప్పాడు. చెప్పకపోయినా నడిచేది, కానీ ఒకసారి మొదలుపెట్టాక ఆపడం అతని వల్ల కాదు.

"అయితే ఆ ఫారం మీరు సైన్ చేయలేరు."

"చేయలేను."

"హెలెన్‌తో మాట్లాడి చెబుతాను మామయ్యా. మీ నవల ఏమవుతుందో మాత్రం ప్రామిస్ చేయలేను."

మంగళవారం కబురొచ్చింది. వాళ్ళకి ముడి కావాలి, భార్య కావాలి, స్నేహితుడు కావాలి. పోలీసావిడని ఉంచారు; కుక్కని తీసేశారు. కట్టినవాడు హంతకుడు కాకపోయేసరికి గుమాస్తా అక్కర్లేకపోయాడు, గుమాస్తాతో పాటు మిల్లూ, తగాదా, ఇరవై ఆరు అధ్యాయాలూ పోయాయి. ఊరూ కాలువా ముందే వాళ్ళవి. సరళకీ దేవన్నకీ పంపవలసిన కాగితాలు తెలుగులోకి మార్చి పెట్టగలరా అని కృష్ణమూర్తిని చాలా మర్యాదగా అడిగారు.

ఆ సాయంత్రం వీడియోలో కామేశ్వరితో చెప్పాడు.

"అయితే మీ పేరు?"

"పడుతుంది. సరళ, దేవన్న, తర్వాత నాది."

"మూడోదా?"

"మూడోదే."

"అక్షరాలు చిన్నవా?"

"చిన్నవే అనుకుంటా. త్వరగా పోతాయట కూడా."

కామేశ్వరిది నవ్వు వస్తోందో ఇంకేదో వస్తోందో తెలియని ముఖం. ఆ ముఖం చూసి లోపల ఏముందో చెప్పడం తన వల్ల కాదని కృష్ణమూర్తి మొదటిసారి ఒప్పుకుని, "ఏమనుకుంటున్నావు?" అని అడిగేశాడు.

"ఏమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో మీరు నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలని." తర్వాత కళ్ళు చిట్లించి తెర దగ్గరికి జరిగింది. "అదేంటి, నడుముకి? లేవండి, చూస్తాను."

కృష్ణమూర్తి కొంచెం సిగ్గుతో, కొంచెం గర్వంతో లేచి నిలబడ్డాడు. గంట నుంచి కుస్తీ పట్టి కట్టుకున్న గళ్ళ లుంగీ.

"మడత ఎటుందో చెప్పు" అన్నాడు.

"మడత సంగతి తర్వాతండీ" అంది కామేశ్వరి, "ముందు పట్టుకోండి. జారిపోతోంది."